చివర వదిలిన కడ్డీ

కడ్డీ ఇంకా ఎర్రబడలేదు. ఇదిగో ఇప్పుడు, అదిగో అప్పుడు అనుకుంటూ ఆమె కొలిమికున్న చిన్న గాజు కిటికీలోంచి తొంగిచూడబోయి, ముక్కుకి వేడి చుర్రుమని తగిలి, వెనక్కి జరిగి, మళ్లీ తొంగిచూసింది. చిటికెనవేలంత లావు లేదు, జానెడు పొడుగు లేదు, దీనికోసమా నేను తిండీ నిద్రా మానుకుంది అనుకుంటే నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే ఇంకాస్త ముందుకు వంగింది. భయమా? అబ్బే, భయం కాదు. చిన్నప్పుడు జెయింట్ వీల్ పైదాకా వెళ్లి ఒక్క క్షణం ఆగినప్పుడు ఇలాగే ఉండేది. పక్కన అక్క కళ్లు మూసుకుని చెయ్యి నలిపేసేది, తను మాత్రం కిందున్న మనుషులు ఎంత చిన్నగా అయిపోయారో చూద్దామని ముందుకు వంగేది, వంగకే, పడి చస్తావ్ అని అక్క అరిచేది. ఇప్పుడూ వంగే ఉంది. ఈ లోహంతో చేయించిన కడ్డీల్లో ఇదొక్కటే మిగిలింది. రేపటినుంచి ఈ కొలిమిని ఇంకో జట్టువాళ్లు తీసుకుంటారు, మళ్లీ మాకెప్పుడిస్తారు అనడిగితే చూద్దాం లెండి అన్నారు, చూద్దాం లెండి అంటే ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కాబట్టి ఉన్నది ఈ గంట, ఈ కడ్డీ. ఇది ఆమె చెప్పినట్టు విందా, ఇన్నేళ్లుగా కట్టుకుంటూ వచ్చిన లెక్కల మోడల్ నిజం. వినలేదా, ఆ మోడల్‌ని మూటగట్టి అటక మీద పడేసుకోవచ్చు.

ఇంతకీ ఆమె చెప్పింది ఏమంత గొప్ప సంగతి? కడ్డీని బాగా కాల్చి మెలితిప్పండి, లాగొద్దు, నొక్కొద్దు, ఉత్తినే మెలితిప్పండి, ముందు కాస్త పొడుగు సాగుతుంది, ఆ తర్వాత ఒకచోట మనసు మార్చుకుని పొట్టిదవడం మొదలుపెడుతుంది. అంతే. ఫోన్లో ఈ ముక్క చెబితే అక్క పగలబడి నవ్వింది. "తడిబట్ట పిండితే పొట్టిదవుతుందని తెలుసుకోడానికి నీకు ఇంత చదువు కావాల్సొచ్చిందా? నన్నడిగితే చెప్పేదాన్ని కదే!" బట్ట వేరే అక్కా, దాని పోగులు వంకర తిరుగుతాయి, ఆ వంకరలో పొడుగు దాక్కుంటుంది, లోహానికి పోగులెక్కడివి అని ఈమె అందుకునేలోపే అక్క అవతల ఇంకెవరిమీదో కేకలేస్తోంది. పోగులుండవు, స్ఫటికాలుంటాయి. కంటికి ఆననంతవి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, వేలకి వేలు. కిక్కిరిసిన బస్సు మలుపు తిరిగితే నిలబడ్డవాళ్లంతా ఒకేవైపు ఒరిగిపోతారే, మెలితిప్పితే ఇవీ అలాగే ఒరుగుతాయి, ఆ ఒరగడంలోనే కడ్డీ కాస్త సాగుతుంది. చల్లగా ఉంటే కథ అక్కడితో సరి. వేడిలో అలా కాదు. నలిగి నలిగి ఉన్న ఆ పాతవాటి మధ్య కొత్త స్ఫటికాలు పుట్టుకొస్తాయి, అప్పుడే బస్సెక్కినవాళ్ల మాదిరిగా, వాళ్లకి పాత మలుపు సంగతి తెలీదు, వాళ్లు నిలబడే తీరే వేరు, వాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ సాగిందంతా వెనక్కి వస్తుంది. ఎంత బాగుందో కదా! బస్సులోనే తట్టింది ఇది, పైన రాడ్డు పట్టుకుని ఒంటికాలి మీద వేలాడుతుండగా. ఆ సంతోషంలో దిగాల్సిన చోటు దాటిపోయి, ఎండలో వెనక్కి నడిచొచ్చింది.

"లెక్కలమ్మా, కాస్త అటు జరగరాదూ? నా మెషీన్‌కి అడ్డంగా నిలబడ్డావ్." మెషీన్ నడిపే పెద్దమనిషి గొంతులో పొద్దున్నుంచీ ఒక ముల్లుంది. ల్యాబులో అందరూ ఆయన్ని పటకారు బాబాయ్ అంటారు, ఆయన బిగించిన బోల్టు విప్పాలంటే మళ్లీ ఆయనే రావాలి, ఆ పేరంటే ఆయనకి లోలోపల మహా గర్వం. అలాంటి మనిషిచేత పొద్దున ఆమె తోకవైపు బోల్టు విప్పించింది. కడ్డీకి ఒక చివర తల, దాన్ని మోటారు తిప్పుతుంది. రెండో చివర తోక, దాన్ని పట్టుకున్న దిమ్మ పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరగ్గలదు, జరగనివ్వకుండా అడ్డంగా ఒక లావుపాటి బోల్టు. "వదిలేస్తే ఎట్లా? ఎర్రగా కాలింది విరిగొచ్చి నీ మొహాన కొడితే మీవాళ్లకి నేనా సమాధానం చెప్పేది?" అని ఆయన. జాలీ అడ్డం పెడదాం బాబాయ్, దూరంగా నిలబడదాం, ఈ ఒక్కసారికి విప్పు బాబాయ్ అని ఈమె. సినిమాకి పంపమని అమ్మని కూడా ఇంతగా బతిమాలలేదు. చివరికి విప్పాడు, విప్పి ఆ బోల్టుని చొక్కా జేబులో వేసుకున్నాడు, ఆ బరువుకి జేబు ఒకవైపు వేలాడుతోంది, ఆయన మొహం కూడా అలాగే వేలాడుతోంది. పాపం, ఆయన తప్పేముంది? ఎవరు మెలితిప్పమన్నా అలాగే బిగించి ఇచ్చాడు, వద్దని ఒక్కరూ అనలేదు, అనాలని ఎవరికీ తోచలేదు. తనకి మాత్రం తోచిందా ఏమన్నా?

పోయినవారం మొదటి కడ్డీని తిప్పినప్పుడు ఆమె బల్ల దగ్గరి స్టూలు మీద కూర్చుని, స్క్రీన్ మీద పొడుగు చూపించే గీతనే రెప్పవేయకుండా చూసింది. గీత కదల్లేదు. పైకి లేదు, కిందికి లేదు, స్కేలు పెట్టి గీసినట్టు మొదటినుంచి చివరిదాకా ఒకటే బోడిగీత. తర్వాత తిప్పినవాటిదీ అదే తీరు. కాసేపటికి మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆమెకి ఈ విద్యలో అక్షరాలు దిద్దించిందే ఆయన, రాస్తున్న పరిశోధన పేపరు మీద ఆమె పేరు పక్కన ఉన్న పేరూ ఆయనదే. చాలా మెత్తగా, "నా పేరు తీసెయ్యమ్మా," అన్నారు. తిట్టినా బాగుండేది! "ప్లస్ రాయాల్సిన చోట ఎక్కడో మైనస్ రాసుంటావ్. అందరికీ జరిగేదే. వెతుక్కో." వెతికింది. ప్రతి ప్లస్సునీ ప్రతి మైనస్సునీ చొక్కా పట్టుకుని నిలదీసింది. ఒక్కటీ తప్పు ఒప్పుకోలేదు. లెక్క ఒప్పు, కడ్డీ తప్పు అని ఎవరికైనా చెబితే ఆస్పత్రికి తీసుకెళతారు కాబట్టి నోరు మూసుకుని ఊరుకుంది, కానీ పేపరు తెరిచి ఆ పేరు చెరపడానికి మాత్రం చెయ్యి రాలేదు. రోజూ తెరిచేది, ఆ పేరుకేసి చూసేది, మూసేసేది.

ఆయనకి అనుమానం రావడంలో వింతేముంది? ఈ రంగంలో అందరూ వాడేది ఆయన సూత్రమే. లాగినా, నొక్కినా, మెలితిప్పినా, ఏవైపునుంచి ఎంత ఒత్తిడి వచ్చినా అన్నిటినీ కలిపి రుబ్బి ఒక్క అంకె చేసి చేతిలో పెడుతుంది ఆ సూత్రం. ఆ అంకె, వేడి, వేగం, ఈ మూడూ చెబితే చాలు, లోహం ఎంత లొంగుతుందో టక్కున చెప్పేస్తుంది. పెద్ద పెద్ద ఇరుసులు, చక్రాలు, అన్నీ దానితోనే తయారవుతున్నాయి, ఆమె కూడా దానితోనే పెరిగి పెద్దదయింది, దాన్ని మొదటిసారి బోర్డు మీద చూసినరోజు ఇంత చిన్న వరసలో ఇంత సంగతి పట్టిందా అని నోరెళ్లబెట్టింది. కానీ అందులో దిక్కు లేదు. ఇంట్లో నలుగురు పిల్లలు అరుస్తుంటే పక్కింటివాళ్లకి అదంతా ఒకటే గోల, అమ్మకి మాత్రం ఎవరు గిల్లారో ఎవరు ఏడుస్తున్నారో వంటింట్లోంచే తెలిసిపోయేది. ఈమె తన మోడల్‌కి అమ్మ చెవులు పెట్టింది. ఏవైపునుంచి నలిపారో లోహం గుర్తుపెట్టుకుంటుంది, వేడి ఆ గుర్తుని చెరిపేస్తుంటుంది, అది చెరుపుతుండగానే మెలి మళ్లీ కొత్త గుర్తు వేస్తుంటుంది. మూడూ ఒకేసారి జరిగిపోతుంటే వాటి వెంటపడి లెక్క కట్టడం ఎంత కష్టమో, ఎంత మజాగా ఉంటుందో ఎవరికి చెప్పుకోవాలి దేవుడా!

మరి బోడిగీత గుట్టు ఎక్కడ రట్టయింది? సింకు దగ్గర. సెలవురోజు పొద్దున, జామ్ సీసా మూత బిగుసుకుపోయి రానంటే వేడినీళ్ల కింద పట్టింది, వేడికి మూత సాగి తేలిగ్గా ఊడొచ్చింది. మూత ఒక చేతిలో, సీసా ఒక చేతిలో, కుళాయి ధారగా పారుతోంది, ఈమె అలాగే నిలబడిపోయింది. వేడికి ఏ లోహమైనా సాగుతుంది కదా. మెలితిప్పడం తర్వాతి మాట, తిప్పకముందే, కొలిమిలో ఎర్రబడుతున్నప్పుడే ఆ కడ్డీ సాగి ఉండాలి, గీత లేచి ఉండాలి. లేవలేదే! అంటే కడ్డీ సాగనని మొండికేయలేదు, దాన్ని మనమే సాగనివ్వలేదు. కాళ్లూ చేతులూ కట్టేసి నువ్వెందుకు పరిగెత్తవు అని అడిగాం. "ఆ సీసా ఇటిస్తావా? రొట్టె చల్లారిపోతోంది," అన్నాడు మొగుడు, ఈమె సీసాకి బదులు మూత ఆయన చేతిలో పెట్టేసి, తడిచేతులతోనే మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నారు. "వస్తాను," అన్నారు చివరికి. "నువ్వు చెప్పేది తప్పని చూడ్డానికే వస్తున్నా, ముందే చెబుతున్నాను." తిట్టడానికైనా సరే, మీరు రండి మాస్టారూ.

వచ్చారు. అదిగో, ఆ మూల కుర్చీలో, మోకాలు నొప్పికి కాలు చాపుకుని కూర్చున్నారు. ఆయన వైపు చూడకూడదని ఆమె పంతం, పంతం పట్టినకొద్దీ కళ్లు అటే పోతున్నాయి. ఈలోపు కిటికీలో రంగు మారింది. ముందు ముదురు బెల్లం రంగు, తర్వాత ఎరుపు, తర్వాత ఎరుపులోంచి నారింజ. "బాబాయ్, గీత చూడు, గీత చూడు!" పొడుగు చూపించే గీత లేస్తోంది. ఇంకా ఎవరూ తిప్పలేదు, ముట్టుకోలేదు, ఉత్త వేడికే కడ్డీ ఒళ్లు విరుచుకుంటోంది. అంటే చివర వదిలి ఉంది, అంటే పోయినవారం గీత గీతే కాదు, దాని మాటని ఎవరూ లెక్కచేయనక్కర్లేదు! బాబాయ్ వంగి చూశాడు, చూసి జేబు మీద చెయ్యి వేసుకుని బోల్టు తడుముకున్నాడు. మూలనుంచి కుర్చీ కిర్రుమంది, మాస్టారు దాన్ని ముందుకు లాక్కున్నారు, స్క్రీన్‌కి, నీళ్ల బటన్ ఉన్న బల్లకి దగ్గరగా.

ఆ బటన్ గురించి పొద్దున్నే అందరికీ గట్టిగా చెప్పింది. నీళ్ల బటన్ నాది, నేనే నొక్కుతాను, ఇంకెవరూ వేలు పెట్టొద్దు. ఎందుకంటే గీత కిందికి తిరిగినంత మాత్రాన సరిపోదు. పట్టులోంచి కడ్డీ జారిందంటారు, సెన్సార్ చెడిందంటారు, అనేవాళ్లకేం, ఎన్నైనా అంటారు. గీత తిరిగిన ఆ క్షణంలోనే కడ్డీ మీద చన్నీళ్లు కుమ్మరిస్తే లోపల ఉన్నది ఉన్నట్టు గడ్డకట్టుకుపోతుంది, అప్పుడు దాన్ని కోసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఇదిగో అప్పుడే పుట్టిన స్ఫటికాలు, ఇవే కడ్డీని వెనక్కి లాగినవి అని చూపించొచ్చు. కాస్త ఆలస్యమైతే పిల్లలు పెద్దవాళ్లయిపోతారు, ఎప్పుడు పుట్టారో ఎవరూ చెప్పలేరు, గీత మిగులుతుంది గానీ కారణం పోతుంది. పోనీ ఆ పని మెషీన్‌కే అప్పజెబుదామా అంటే అది చిన్న వణుకుని కూడా మలుపనుకుని నీళ్లు పోసేస్తుంది. అందుకే నా వేలే. బల్ల దగ్గర అదే స్టూలు మీద కూర్చుని, వేలు బటన్ మీద పెట్టి చూసుకుంది, చెమటకి జారుతోంది, చీరకొంగుకి తుడుచుకుని మళ్లీ పెట్టింది.

"తిప్పనా?" అన్నాడు బాబాయ్. తిప్పు బాబాయ్, తిప్పు. మోటారు మొదలైంది, శబ్దమేమీ పెద్దగా లేదు, పక్కగదిలో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నంత. కడ్డీ మీద నిలువుగా గీసిపెట్టిన గాటు నెమ్మదిగా పక్కకి వాలింది, గీత పైకి పాకింది. వెళ్లు తల్లీ, వెళ్లు. ఇందులో ఆమె గొప్పేమీ లేదు, చల్లటి కడ్డీ అయినా ఇక్కడిదాకా ఇంతే చేస్తుంది, అసలు సంగతి ముందుంది. ఆమె లెక్క చెప్పిన దారి స్క్రీన్ మీద నీలం చుక్కల్లో ఉంది, గీత ఆ చుక్కల మీదుగానే వెళుతోంది, ఎంత బుద్ధిగా వెళుతోందో, ఇంకొంచెం, ఇంకొంచెం, ఇదిగో ఇక్కడ తిరగాలి. నీలం చుక్కలు కిందికి తిరిగాయి. గీత తిరగలేదు. పైకే పోతోంది. అదేమిటి? పైకే పోతోంది! చుక్కలు ఒక దారి, గీత ఒక దారి, మధ్యలో ఖాళీ పెరుగుతోంది, ఆ ఖాళీలోకి ఏవేవో వచ్చి పడుతున్నాయి, పేపరు మీద చెరపని పేరు, చూద్దాం లెండి అన్న గొంతు, జెయింట్ వీల్ దిగాక కాళ్ల కింద నేల ఊగినట్టుండడం, అమ్మ వంటింట్లోంచి ఎవర్రా అది అనడం, ఎవరూ కాదమ్మా, నేనే, నేనే ఎక్కడో తప్పు రాసుంటాను, మాస్టారు చెప్పిందే నిజం, ఆయన దగ్గర ఇంతకాలం చదువుకుని ఆయన మాట వినకుండా... ఆగు. ఆగు ఆగు. గీత నీరసించిందా? పైకే పోతోంది కానీ నిన్నటి ఊపు లేదు, నిన్నటి ఏమిటి, ఇందాకటి ఊపు లేదు, చదునయింది, చదునుగా పోతోంది, పోతోంది, అమ్మో, వణికింది, అయ్యో వణుకే, కాదు, వణుకు కాదు.

తిరిగింది! గీత కిందికి తిరిగింది! తన చుక్కలకంటే ఆలస్యంగా, కానీ తిరిగింది, వచ్చెయ్ తల్లీ వచ్చెయ్, ఎంత అందంగా వంగిందో, కొత్తవి పుట్టడానికి తను అనుకున్నదానికంటే ఎక్కువ నలగాలి కాబోలు, ఆ ఒక్క ముక్కే తక్కువ వేసింది, దిద్దుకోవచ్చు, దిద్దుకోవచ్చు! ఆమె స్టూలు మీదనుంచి ఎప్పుడు లేచిందో తెలీదు, స్టూలు ఎప్పుడు పడిందో తెలీదు, బాబాయ్ రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తోంది. "చూశావా బాబాయ్! పొట్టిదవుతోంది! నా పిచ్చికడ్డీ పొట్టిదవుతోంది!" బాబాయ్ ముల్లూ గిల్లూ అన్నీ మరిచిపోయి, "అవునే అమ్మాయ్, అవునే!" అని తనూ గెంతుతున్నాడు, జేబులో బోల్టు ఛాతీమీద టపటపా కొట్టుకుంటోంది, ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది, గీత దిగుతోంది, ఇంకా దిగుతుందా, ఎక్కడిదాకా దిగుతుంది, అని నోరు తెరుచుకుని చూస్తూ ఉండగా, వెనకనుంచి ధభాలున నీళ్లు పడిన చప్పుడయింది.

కొలిమినిండా ఆవిరి. ఉస్సుమని పాము బుసకొట్టినట్టు ఒక్కటే శబ్దం. గీత ఆగిపోయింది. నీళ్లు! బటన్! తను నొక్కలేదు. నొక్కాలన్న సంగతే మరిచిపోయింది, పొద్దున్నుంచీ అందరిచేతా ఒట్టు వేయించుకున్న మనిషి, గంతులేస్తూ మరిచిపోయింది! తిరిగి చూస్తే పడిపోయిన స్టూలు పక్కన మాస్టారు నిలబడి ఉన్నారు, నొప్పి మోకాలి మీదే బరువంతా వేసి, వేలు ఇంకా బటన్ మీదే ఉంచి. ఆవిరికి కళ్లజోడు అద్దాలు రెండూ మసకబారిపోయాయి.

"ఎప్పుడు నొక్కారు మాస్టారూ?" అంది. "మరీ ఆలస్యమైందా?"

"తిరగ్గానే నొక్కాను. నువ్వు అరవడం మొదలెట్టావ్, నీళ్లు పడటానికి ఆ కాస్త టైం పట్టింది, అంతే." ఆయన కళ్లజోడు తీశారు, తుడుచుకోలేదు, చేతిలోనే పట్టుకున్నారు. "నేను తప్పు పట్టుకుందామని కదమ్మా వచ్చింది. అందుకే నీకంటే ముందు చూశాను."

బాబాయ్ పట్టు వదులుచేసి కడ్డీని బయటికి తీశాడు. బూడిదరంగుకి వచ్చింది, ఇంకా నీళ్లు కారుతున్నాయి, నిలువుగా గీసిన గాటు దాని చుట్టూ మెలికలు మెలికలుగా చుట్టుకుని ఉంది. మాస్టారు గ్లవ్వు తొడుక్కుని దాన్ని అందుకున్నారు, కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఈ చివరనుంచి ఆ చివరికి చూశారు. చాలాసేపు చూశారు. "ఎన్ని కడ్డీలు తిప్పించి ఆ సూత్రం రాశానో నాకే గుర్తులేదు," అన్నారు. "ఒక్కదానికీ చివర వదల్లేదమ్మా. ఒక్కదానికీ వదల్లేదు." ఇప్పుడు ఆమె ఏం అనాలి? మీ సూత్రం మంచిదే మాస్టారూ అనాలా, చాలావాటికి అదే చాలు అనాలా, ఏది అన్నా అబద్ధంలాగే ఉంటుంది. కానీ ఆయన ఓదార్పు కోసం చూడటం లేదు. మొహం చూస్తే పరీక్షలైపోయి సెలవులిచ్చిన పిల్లాడి మొహం. "అన్నీ మళ్లీ తిప్పాలి! రాగి, ఉక్కు, అన్నీ! రేపు ఆ జట్టువాళ్లతో నేను మాట్లాడతాను, కొలిమి ఎట్లా ఇవ్వరో చూస్తాను. పద, ముందు దీన్ని కోద్దాం," అంటూ కుంటుకుంటూనే కోతగది వైపు ఆమెకంటే ముందు నడుస్తున్నారు.

ఆమె పరిగెత్తి అందుకుంది. వరండాలో ఆయన పక్కన నడుస్తూ, అడగొద్దనుకుంటూనే అడిగేసింది. "మాస్టారూ, పేపరు మీద మీ పేరు..."

"తీసేశావా?"

"లేదు."

"తీయకు." ఆయన ఆగలేదు, వెనక్కి తిరగలేదు, తడికడ్డీని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని నడుస్తూనే ఉన్నారు. "నా సూత్రం ఎక్కడ తప్పిందో అందులో రాస్తావు కదా. ఆ భాగం నేను రాస్తాను. నాకంటే బాగా ఎవరికి తెలుసు?"